హైలాండ్ పార్క్‌లో శుక్రవారం పొద్దున: "తీరిక దొరికాక" అనకు

అందరికీ నమస్కారం! న్యూజెర్సీలో మన ఎడిసన్‌ని ఆనుకునే ఉన్న హైలాండ్ పార్క్‌కి వచ్చాను. ఇక్కడ సంప్రదాయ యూదు కుటుంబాలు ఎక్కువ. రారిటన్ అవెన్యూ మీద హడావిడి చూడండి, చేతిసంచుల్లో జడలా అల్లిన హల్లా రొట్టెలు! సాయంత్రానికి షబ్బాత్, అంటే యూదులు వారంవారం పాటించే విశ్రాంతి దినం, మొదలవుతుంది మరి.

సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందే ఇంట్లో దీపాలు వెలిగించాలి. డిసెంబరులో ఆ వేళ 4 దాటగానే వచ్చేస్తుంది, జూన్ చివర్లో అయితే 8 దాటాక. అక్కణ్ణుంచి శనివారం చీకటిపడి చుక్కలు కనబడేదాకా వంట చేయరు, కారు తీయరు, ఫోన్ ముట్టరు. మా పక్కింటి ఆవిడ స్టవ్ మీద పల్చటి రేకు పరిచి, చిక్కుడు గింజలు, బార్లీ, మాంసం ముందే ఉడికించిన గిన్నె దానిమీద పెట్టేస్తుంది. సన్నసెగ మీద మర్నాడు మధ్యాహ్నం దాకా వేడిగా ఉంటుంది. "ఇంకో ఐదు నిమిషాలు" అనడానికి వీల్లేదు, దీపాల వేళ ఎవరికోసమూ ఆగదు.

రెండువేల ఏళ్ళ కిందటి యూదు గురువు హిల్లెల్ అన్న "ఇప్పుడు కాకపోతే మరెప్పుడు?" చాలామంది వినే ఉంటారు. అది ఉన్న పిర్కే అవోత్ అనే యూదు గురువుల సూక్తుల పుస్తకంలోనే ఆయనది ఇంకో మాట ఉంది. నన్ను కుదిపింది అదే: "తీరిక దొరికాక చదువుకుంటాననకు, ఆ తీరిక నీకు దొరక్కపోవచ్చు." అసలు చేయనని ఎవరంటారు చెప్పండి? గ్రీన్ కార్డ్ వచ్చాక, పిల్లలు కాస్త ఎదిగాక, ఇండియా వెళ్ళినప్పుడు... మనందరం అనేది ఇదేగా!

ఇంకో యూదు మతగురువు, రబ్బీ ఎలియెజర్, "చనిపోవడానికి ఒకరోజు ముందు పశ్చాత్తాపపడు" అన్నాడు. ఆ రోజు ఏదో మనిషికి తెలుస్తుందా అని శిష్యులు అడిగారు. అందుకే ఇవాళే పశ్చాత్తాపపడాలి అన్నాడని యూదుల ధర్మగ్రంథం తాల్ముద్ చెబుతుంది. నాకైతే ఇది విన్నాక భయం వేయలేదు, టెన్షన్ తగ్గింది. చూసుకోవాల్సింది ఇవాళ్టి పని ఒక్కటే కదా.

మా పెద్దమ్మకి తలుపు దగ్గర పాటలు, అప్పగింతల పాటలు బోలెడు వచ్చు. రికార్డు చేయాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను. ఇందాక బయల్దేరే ముందు ఫోన్ చేశాను, అక్కడ సాయంత్రం. "ఇప్పుడా అమ్మాయ్?" అంటూనే అప్పగింతల పాట అందుకుంది. రెండో చరణం దగ్గర ఆగిపోయి, "ఇది మీ పిన్నికి బాగా వచ్చు, దాన్నడుగు" అంది.

అక్కడింకా భోజనాల వేళే, పిన్ని మెలకువగానే ఉంటుంది. ఈ బెంచీ మీద కూర్చునే ఫోన్ చేస్తాను, వీడియో ఇక్కడితో ఆపేస్తున్నాను.