తెలిసిన లోపం, జరగని పని: మౌలిక వసతుల నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణాలు

సభకు నమస్కారం.

2000 అక్టోబరు 17న లండన్ నుంచి లీడ్స్ వెళ్తున్న రైలు హాట్‌ఫీల్డ్ దగ్గర పట్టాలు తప్పింది. నలుగురు చనిపోయారు. చక్రాల రాపిడికి పట్టా అంచున పుట్టిన సన్నని పగుళ్లు లోపలికి దిగి లోహాన్ని తొలిచేయడంతో, ఆ పట్టా మూడు వందలకు పైగా ముక్కలైంది. అది పాడైందన్న సంగతి ప్రమాదానికి ముందే తెలుసు. మార్చాలని నిర్ణయించారు, కొత్త పట్టాలు కూడా సిద్ధమయ్యాయి, వాటిని వేసే పని మాత్రం జరగలేదు. తరువాతి కథ ఇంకా విచిత్రం. ఇలాంటి పగుళ్లు మరెక్కడెక్కడ ఉన్నాయో చూసి చెప్పగల సమగ్రమైన రిజిస్టర్ ఆ మార్గాల యజమాని రైల్‌ట్రాక్ దగ్గర లేకపోవడంతో, దేశమంతటా వెయ్యికి పైగా చోట్ల రైళ్ల వేగం తగ్గించవలసి వచ్చింది. నెలల తరబడి రైళ్లు నత్తనడక నడిచాయి. ఆ భారాన్ని తట్టుకోలేక ఆ సంస్థ ఏడాది తిరగకముందే దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

దీని పక్కన మరో ప్రమాదాన్ని పెట్టి చూద్దాం. 1967 డిసెంబరు 15న అమెరికాలో ఒహాయో నది మీది సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది మరణించారు. వంతెనను మోసే గొలుసులో ఒక ఉక్కు కడ్డీ చివరి రంధ్రం దగ్గర రెండున్నర మిల్లీమీటర్ల లోతు పగులు ఉంది. కీళ్లు విప్పితే తప్ప కంటికి కనబడని చోట ఉంది కనుక అది ఎవరికీ తెలియలేదు. ఆ దుర్ఘటన ఫలితంగానే 1971లో అమెరికాలో వంతెనల తనిఖీకి జాతీయ ప్రమాణాలు వచ్చాయి. రెండేళ్లకోసారి తనిఖీ చేయడం, సున్నా నుంచి తొమ్మిది వరకు అంకె వేసి వంతెన స్థితిని నమోదు చేయడం అప్పటి నుంచి ఆనవాయితీ అయింది.

అక్కడ తెలియక జరిగింది, హాట్‌ఫీల్డ్‌లో తెలిసీ జరిగింది. తెలియనిదాన్ని పట్టుకోవడానికి తనిఖీ ప్రమాణాలు చాలు. తెలిసిన లోపం ఏ బల్ల మీద ఆగిపోయిందో, ఎందుకు ఆగిందో అడగడానికి వేరే జాతి ప్రమాణం కావాలి. సంస్థల ఆస్తుల నిర్వహణ మీద అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్‌ఓ) వెలువరించిన 55000 శ్రేణి అలాంటిదని నా అభిప్రాయం.

దీనికి మూలం 2004లో బ్రిటిష్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ ప్రచురించిన పాస్ 55 అనే నిర్దేశ పత్రం. దానిని 2008లో సవరించారు. ఆ పునాది మీద 2014 జనవరిలో మూడు పత్రాలు వెలువడ్డాయి: భావనలు, పరిభాష చెప్పే 55000, తప్పనిసరి నిబంధనలున్న 55001, వాటి అమలుకు దారి చూపే 55002. సర్టిఫికెట్ ఇచ్చేది 55001 మీదనే. సంస్థకు విలువ ఉన్న, లేదా విలువ కలగగల ఏ వస్తువైనా, అంశమైనా ఆస్తే అని వీటి నిర్వచనం. ఆస్తుల నిర్వహణ అంటే వాటి నుంచి విలువను రాబట్టడానికి సంస్థ సమన్వయంతో చేసే పని. అందులో మరమ్మతు ఒక భాగం మాత్రమే. కొనాలా వద్దా, ఎంత రిస్క్ భరించాలి, ఎప్పుడు పక్కన పెట్టాలి అన్న ప్రశ్నలన్నీ అందులోకే వస్తాయి.

నిబంధనల సారం ఒక గొలుసు. సంస్థ లక్ష్యాల నుంచి వ్యూహాత్మక ప్రణాళిక, దాని నుంచి ఆస్తుల లక్ష్యాలు, వాటి నుంచి ఒక్కో పంపుకూ వంతెనకూ సంబంధించిన పనుల ప్రణాళిక పుట్టాలి. స్పానర్ పట్టుకున్న మనిషి దగ్గర మొదలుపెట్టి ఈ పని ఎందుకు అని పైకి అడుగుతూ పోతే, ఎక్కడా తెగకుండా బోర్డు గది దాకా జవాబు దొరకాలి.

అయితే ఈ ప్రమాణం ఏమి ఉండాలో చెబుతుంది, ఎలా చేయాలో చెప్పదు. పైపును ఎన్నేళ్లకు మార్చాలో అందులో వెతికితే నిరాశే. దాని కోసం న్యూజిలాండ్, ఆస్ట్రేలియా ఇంజనీర్లు కలిసి రూపొందించిన అంతర్జాతీయ మౌలిక వసతుల నిర్వహణ మాన్యువల్‌ను చూడాలి. ప్రజలకు ఏ స్థాయి సేవ అందించాలో ముందు తేల్చుకుని, ఖర్చును ఆ తరువాత లెక్కించమంటుంది అది. న్యూజిలాండ్ ఈ ఆలోచనను చట్టంలోకే ఎక్కించింది. అక్కడి స్థానిక కౌన్సిళ్లు పదేళ్ల ప్రణాళికతో పాటు కనీసం ముప్పై ఏళ్ల మౌలిక వసతుల వ్యూహాన్ని కూడా సిద్ధం చేయాలి. ఎన్నికల గడువుకు అందని చూపు అది!

అమలులో మనుషులు ఎక్కువగా తడబడే చోటు రెండు పుస్తకాల మధ్య ఉంది. ఒక నీటి పంపును తీసుకోండి. తరుగుదల పూర్తయినందున అకౌంటెంట్ పుస్తకంలో దాని విలువ సున్నా. ఇంజనీరు పుస్తకంలో అదే పంపు బేరింగులు మార్చుకుని ఇంకా రోజుకు పది గంటలు తిరుగుతోంది, ఆగితే సగం జనానికి నీళ్లుండవు. మరోవైపు మొత్తం పైపులైను అకౌంటెంట్‌కు ఒకే పద్దు, ఇంజనీరుకు అందులో ప్రతి వాల్వుకూ ఒక నంబరు. నిధుల కోసం ఇద్దరూ ఒకే గదిలో కూర్చున్నప్పుడు తాము వేర్వేరు వస్తువుల గురించి మాట్లాడుకుంటున్నామని ఇద్దరికీ తోచదు. 2019లో వచ్చిన ఐఎస్‌ఓ 55010 ఈ రెండు లెక్కలనూ పొసగించడానికే పుట్టింది. ఈ శ్రేణిలో దీనికి దక్కవలసినంత పేరు దక్కలేదు.

సర్టిఫికెట్ గురించి ఒక మాట. అది నిర్వహణ వ్యవస్థకు ఇచ్చేదే తప్ప వంతెన బలానికి ఇచ్చేది కాదు. దాన్ని గోడకు తగిలించి ఫైళ్లు మాత్రం చక్కగా సర్దుకునే ప్రలోభం ఎప్పుడూ ఉంటుంది. అందుకే నాకు నచ్చే ఆడిటర్ పాలసీ పత్రంతో మొదలుపెట్టడు. రిజిస్టర్‌లో ఏదో ఒక వరుస మీద వేలు పెట్టి, దీన్ని చూపించండి అంటాడు. ఆ తరువాత ఎదురుగా కనబడిన ఏదో ఒక వాల్వును చూపి, ఇది రిజిస్టర్‌లో ఎక్కడుందో చెప్పండి అంటాడు.

2024లో 55000, 55001 రెండూ సవరణకు నోచుకున్నాయి. నిర్ణయాలు ఎలా తీసుకుంటారు, ఏ ప్రాతిపదికన తీసుకుంటారు అన్నది ఇప్పుడు 55001లో ప్రత్యేక నిబంధన. హాట్‌ఫీల్డ్‌కు దీన్ని అన్వయిస్తే ప్రశ్న సూటిగా తయారవుతుంది. పట్టా మార్చేదాకా ఆ మార్గంలో రైళ్ల వేగం తగ్గించమని చెప్పే అధికారం ఎవరిది, ఆలస్యానికి అయ్యే నష్టాన్నీ విరిగే ప్రమాదాన్నీ ఏ కొలతతో తూచమన్నారు, ఆ లెక్క ఏ కాగితం మీద ఉంది?