పిల్లలు ఓటేసి టీచర్లని ఎన్నుకునే స్కూల్ | అత్తయ్యతో ఫ్రేమింగ్‌హామ్ వ్లాగ్

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఈ రోజు వంటా లేదు, కాస్ట్‌కో షాపింగూ లేదు. అమెరికాలో బోస్టన్ దగ్గర మేముండే యాష్‌ల్యాండ్ మీలో చాలామందికి తెలుసు, లక్ష్మీ అమ్మవారి గుడి ఉన్న ఊరే. దాని పక్కనే ఫ్రేమింగ్‌హామ్‌లో సడ్బరీ వ్యాలీ స్కూల్ ఉంది. పేరు చూసి సడ్బరీ వెళ్లిపోకండి, అది ఇంకో ఊరు. పాత రాతి మేడ, పక్కన చెరువు, చుట్టూ చెట్లు. పిల్లలున్న చోట కెమెరా తిప్పడం నాకిష్టం లేదు, అందుకే బయటికొచ్చి కార్లో కూర్చుని చెప్తున్నా. వెనక సీట్లో మా అత్తయ్య ఉన్నారు. తెనాలి దగ్గర జెడ్పీ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు.

కొలంబియా యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పిన డేనియల్ గ్రీన్‌బర్గ్, ఆయన భార్య హానా, ఇంకొందరు కలిసి 1968లో దీన్ని మొదలుపెట్టారు. నాలుగేళ్ల పిల్లల నుంచి టీనేజ్ దాటుతున్నవాళ్ల దాకా అందరూ కలిసే ఉంటారు. బెల్ లేదు, క్లాసుల్లేవు, పరీక్షల్లేవు. ఏదైనా నేర్చుకోవాలనిపిస్తే పిల్లలే వెళ్లి అడగాలి. అనిపించకపోతే ఎవరూ అడగరు.

"మరి లెక్కలో?" అన్నారు అత్తయ్య. ఊహించిందే.

దానికి గ్రీన్‌బర్గ్ రాసిన ఒక సంగతుంది. తొమ్మిది నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లలు డజను మంది లెక్కలు నేర్పమని ఆయన్ని అడిగారట. వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, ఠంచనుగా టైముకి రావాలని షరతు పెట్టారు. 20 గంటల్లో ఎలిమెంటరీ లెక్కలన్నీ అయిపోయాయి. అత్తయ్య కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అడిగొచ్చిన పిల్లలమ్మా వాళ్లు. అలా వస్తే నేనూ చెప్పేస్తాను" అన్నారు.

ఆవిడకి అసలు మింగుడుపడనిది ఎన్నిక. ఇక్కడ స్టాఫ్‌కి పర్మనెంట్ ఉద్యోగం ఉండదు. ప్రతి ఏడాదీ రహస్య బ్యాలెట్ పెడతారు, అందులో పిల్లలూ ఓటేస్తారు. వారం వారం జరిగే స్కూల్ మీటింగ్‌లోనూ అంతే, నాలుగేళ్ల పిల్లకీ ఒక ఓటే, పాతికేళ్లుగా పనిచేస్తున్న స్టాఫ్‌కీ ఒక ఓటే. "మా జెడ్పీలో ఇది పెడితే లెక్కల మాస్టారనేవాడు మిగలడు" అని నవ్వేశారు.

ఇదంతా విని విచ్చలవిడిగా ఉంటుందనుకుంటాం కదా. కానీ నేను చదివిన స్కూల్లో కంటే ఇక్కడే రూల్స్ ఎక్కువ, అన్నీ రాతపూర్వకంగా. ఎవరైనా రూల్ తప్పితే కంప్లయింట్ రాసిస్తారు, పిల్లలే ఎక్కువగా ఉండే జ్యుడీషియల్ కమిటీ విచారిస్తుంది. స్టాఫ్ మీద కూడా రాయొచ్చు! మా రోజుల్లో సార్ మీద కంప్లయింట్ అంటే ఇంట్లో ఇంకో రెండు తగిలేవి.

ఇక్కడ చదివినవాళ్లు తర్వాత ఏమయ్యారు? బోస్టన్ కాలేజీ సైకాలజిస్ట్ పీటర్ గ్రే, ఇంకొకరు కలిసి చేసిన సర్వే 1986లో అచ్చయింది. కాలేజీకి వెళ్లాలనుకున్నవాళ్లకి పెద్ద ఇబ్బంది రాలేదని అందులో తేలింది. గ్రే కొడుకు కూడా ఇక్కడే చదివాడు. అయినా నాకో సందేహం. ఫీజు కట్టి మరీ ఇలాంటి స్కూల్‌కి పంపే ఇళ్లల్లో పుస్తకాలూ కబుర్లూ ముందే ఉంటాయి కదండీ. ఆ గొప్పలో స్కూల్ వాటా ఎంత, ఇంటి వాటా ఎంత?

చేరాలంటే పిల్ల ముందు విజిటింగ్ వీక్‌కి, అంటే వారం పాటు స్కూల్లో గడిపి చూడటానికి, రావాలి. మా పాపని ఈ నెలలోనే పంపుదామని మా ఆయన. నాకు మాత్రం ప్రోగ్రెస్ కార్డ్ రాదంటేనే టెన్షన్. వీడియో కాల్‌లో మా అక్క "పాప ఏం నేర్చుకుంటోందే?" అంటే ఏం చెప్పను? వేసవి సెలవులయ్యాక చూద్దామన్నాను. అత్తయ్య ఎటువైపో ఇంకా చెప్పలేదు. ఏదో ఒకటి తేలాక వీడియో పెడతా, ఉంటానండీ!