బ్యూసింగెన్ రివ్యూ: స్విట్జర్లాండ్ కడుపులో ఒక జర్మన్ ఊరు

నమస్కారం. ముందుగా ఒక విషయం చెప్పి మొదలుపెడతాను. రైన్ నదిపై పడవ టికెట్టును, ఒక రాత్రి బసను నాకు ఒక పర్యాటక సంస్థ ఉచితంగా ఇచ్చింది. ఏం మాట్లాడాలో మాత్రం వారు చెప్పలేదు; చెప్పి ఉంటే ఈ వీడియోలో సగం ఉండేది కాదు. బ్యూసింగెన్ విస్తీర్ణం 7.62 చదరపు కిలోమీటర్లనీ, జనాభా సుమారు 1,500 అనీ, అది జర్మనీ గ్రామమే అయినా చుట్టూ స్విట్జర్లాండ్ నేలే ఉందనీ మీరు ఇప్పటికే చదివి ఉంటారు కనుక ఆ లెక్కల జోలికి పోను.

స్విస్ పట్టణం షాఫ్‌హౌజెన్‌లో పడవ ఎక్కి ప్రవాహానికి ఎదురుగా కొద్దిసేపు ప్రయాణిస్తే ఊరు కనిపిస్తుంది. ఒడ్డున ఇళ్లు, ఈత కొట్టే స్థలం, మెరక మీద సెయింట్ మైకేల్ చర్చి, వెనుక పొలాలు. బాగుంది. అయితే ఇదే నదిపై ఇంకా ఎగువకు వెళితే వచ్చే స్టైన్ ఆమ్ రైన్ పట్టణంలో ఇంటింటి గోడ మీదా బొమ్మలు ఉన్నాయి. వాటిని చూసిన కళ్లకు బ్యూసింగెన్ ఆనదు. కంటికి కనిపించేదాన్ని బట్టే తీర్పు చెప్పాలంటే ఈ వీడియోను ఇక్కడే ముగించవచ్చు.

నన్ను ఇక్కడికి రప్పించినది ఆ ఒడ్డు కాదు, గడియారం. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవారు కంప్యూటర్లలో ప్రపంచ కాలమండలాల పట్టికను చూసే ఉంటారు. అందులో బెర్లిన్, పారిస్, జ్యూరిక్ వంటి మహానగరాల సరసన ‘యూరప్, బ్యూసింగెన్’ అని ఒక పేరు ఉంటుంది. పదిహేను వందల మంది ఊరికి సొంత కాలమండలం ఎందుకని నేను ఏళ్ల తరబడి అనుకుంటూ వచ్చాను. 1970 తరువాత ఎప్పుడైనా గడియారాలు వేరుగా నడిచిన ప్రాంతాలకు ఆ పట్టికలో విడి పేరు ఇస్తారు. 1980లో పశ్చిమ జర్మనీ వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే పద్ధతిని మొదలుపెట్టింది, స్విట్జర్లాండ్ ఆ పని 1981లో గాని చేయలేదు. ఆ ఒక్క వేసవి బ్యూసింగెన్ తన దేశపు గడియారాన్ని కాక ఇరుగుపొరుగువారి గడియారాన్నే అనుసరించింది. అంటే ఆ ఏడాది ఇక్కడి మనిషి ఏదైనా పని మీద తన జిల్లా కేంద్రమైన కాన్‌స్టాన్స్‌కు వెళ్లాలంటే, స్వదేశంలోనే ఒక ఊరి నుంచి మరొక ఊరికి పోతూ గడియారం ముళ్లు తిప్పుకోవలసి వచ్చేదన్నమాట. ఒక్క వేసవి జ్ఞాపకాన్ని ఇవాళ్టికీ ప్రపంచంలోని లెక్కలేనన్ని యంత్రాలు మోస్తున్నాయి. నేను ఆ ఊరి వీధిలో నిలబడి కంప్యూటర్‌లో ఆ పేరును ఎంచుకొని చూశాను. సమయం ఏమీ మారలేదు, కానీ నా ముఖంలో ఆనందం చూసి నా భార్య పక్కకు తిరిగి నవ్వింది.

ఈ చిక్కుముడి ఎలా పడిందో తెలియాలంటే 1693కు వెళ్లాలి. అప్పట్లో ఊరు ఆస్ట్రియా ఏలుబడిలో ఉండగా, దాని దొర ఎబర్‌హార్డ్ ఇమ్ టూర్న్‌ను మతవిషయమై అనుమానించిన సొంత బంధువులే అపహరించి షాఫ్‌హౌజెన్‌కు అప్పగించారు. అక్కడివారు అతనికి యావజ్జీవ శిక్ష వేశారు. ఆస్ట్రియా గట్టిగా బెదిరించిన మీదట, 1699లో గాని అతను విడుదల కాలేదు. ఆ కోపం చల్లారలేదు. 1770లో ఆస్ట్రియా పక్కనున్న రామ్సెన్, డోర్ఫ్లింగెన్ గ్రామాల మీద తన హక్కులను జ్యూరిక్‌కు అమ్ముకున్నా, బ్యూసింగెన్‌ను మాత్రం షాఫ్‌హౌజెన్‌కు దక్కనివ్వలేదు. పొరుగు ఊళ్లు అటు వెళ్లిపోవడంతో ఇది ఒంటరిగా మిగిలింది. ఆపైన జర్మన్ రాజ్యాలైన వుర్టెంబెర్గ్‌కు 1805లో, బాడెన్‌కు 1810లో చేతులు మారింది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఊరివారు ఓటు వేసి నూటికి 96 మంది స్విట్జర్లాండ్‌లో కలుస్తామన్నారు. బదులుగా ఇవ్వదగిన నేల కుదరక అది జరగలేదు. ఒక కుటుంబ కలహం ఊరి సరిహద్దును ఇన్ని వందల ఏళ్లు నిలబెట్టడం నాకు నమ్మశక్యంగా లేదు, కానీ మ్యాపు సాక్ష్యం చెబుతోంది.

ఆ తరువాతిది 1964లో కుదిరి 1967లో అమలైన ఒప్పందం. ఊరు జర్మనీదిగానే ఉండిపోయింది, సుంకాల విషయంలో మాత్రం స్విట్జర్లాండ్‌లో చేరింది. వెరెనాహోఫ్ అనే మరో చిన్న జర్మన్ తునకను అప్పుడే స్విట్జర్లాండ్‌కు ఇచ్చివేశారు. ఇక్కడి కార్లకు ‘బ్యూస్’ అనే ప్రత్యేకమైన నంబరు పలక ఉంటుంది. దానిని చూడగానే స్విస్ సుంకం అధికారికి ఆ బండి ఏ లెక్కలోకి వస్తుందో తెలిసిపోతుంది. ఉత్తరాలకు జర్మన్ పిన్‌కోడ్ 78266, స్విస్ పిన్‌కోడ్ 8238, రెండూ పనిచేస్తాయి. ఎఫ్‌సీ బ్యూసింగెన్ ఫుట్‌బాల్ జట్టు స్విస్ లీగులో ఆడుతుంది. పిల్లలు ప్రాథమిక పాఠశాల చదువు ఊళ్లోనే ముగించి, ఆపైన ఏ దేశపు బడికి పోవాలో ఎంచుకుంటారు. ఇదంతా వినడానికి ఎంత ముచ్చటగా ఉందో చూడండి.

ఇక నా చిరాకు వినండి. నాది జర్మన్ సిమ్. ఊళ్లో జర్మన్ సిగ్నలూ అందుతుంది, స్విస్ సిగ్నలూ అందుతుంది, ఫోను ఏది బలంగా ఉంటే దాన్ని పట్టుకుంటుంది. యూరోపియన్ యూనియన్ దేశాల రోమింగ్ నియమం స్విట్జర్లాండ్‌కు వర్తించదు, నా ప్లాన్‌లోనూ ఆ దేశం లేదు. జర్మన్ నేల మీద నిలబడి, జర్మన్ ఫోనుతో మాట్లాడి, నేను విదేశీ బిల్లు కట్టాను. మీరు వెళితే రోమింగ్ తప్పక ఆపివేయండి. ఊరివారి కష్టం ముందు నాది ఏపాటిది? వారు సంపాదించేదీ ఖర్చుపెట్టేదీ ఎక్కువగా స్విస్ ఫ్రాంకుల్లోనే, ఆదాయపు పన్ను మాత్రం జర్మనీకి కట్టాలి. అది పొరుగు స్విస్ ఊళ్ల పన్ను కన్నా బరువు. కొంత మినహాయింపు ఉన్నప్పటికీ యువకులు కొద్ది కిలోమీటర్లు జరిగి స్విట్జర్లాండ్‌లో కాపురం పెడుతున్నారు, ఊళ్లో పెద్దవయసువారి వాటా పెరుగుతోంది. నేను కాకినాడ వైపు వాణ్ని. ఆంధ్ర నేల మధ్యలో ఉన్న పుదుచ్చేరి ముక్క యానాంకు పెట్రోలు కోసం, మరికొన్నిటి కోసం మావాళ్లు పరుగెత్తడం చూస్తూ పెరిగాను. అక్కడ సరిహద్దు లోపల ఉన్నవాడికి లాభం, ఇక్కడ లోపలివాడికే భారం.

ఇంతకుముందు నేను బెల్జియం, నెదర్లాండ్స్ సరిహద్దులు ఇళ్ల మధ్యనుంచి పోయే బార్లె అనే పట్టణాన్ని రివ్యూ చేశాను. అక్కడ గీతలు నేల మీదే కనిపిస్తాయి, ఫొటోలకు బాగుంటుంది. బ్యూసింగెన్‌లో గీతలు పత్రాల్లో, పలకల్లో, గడియారంలో ఉన్నాయి. కనుక అందమైన ఊరు కోసం వెతికేవారు స్టైన్ ఆమ్ రైన్‌కు వెళ్లండి, పూట మొత్తం బ్యూసింగెన్‌కు కేటాయించకండి. నాకు మాత్రం, ఫోను బిల్లు పోటు ఇంకా తగ్గకపోయినా, ఈ ఊరే నచ్చింది. వచ్చే నెల స్విస్ సిమ్ వేసుకొని ఎఫ్‌సీ బ్యూసింగెన్ ఆట చూడడానికి మళ్లీ వెళుతున్నాను, ఈసారి టికెట్టు నా సొంత డబ్బుతోనే.