మొలక గింజ, గుడ్డ సంచి, ఒక్క గిన్నె

(బెంగళూరు మారతహళ్లిలో ఒక ఆదివారం తెలుగు మిత్రుల సమావేశంలో బీరు తయారీ గురించి చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మాటలు మొదలుపెట్టే ముందు ఈ బల్ల మీదికి చూడండి. వెడల్పు మూతి ఫ్లాస్కులు రెండున్నాయి. రెండింటిలోనూ ఒకే గిన్నెలో కాచిన రాగి జావ ఉంది. గరిటె నిలబడేంత గట్టిగా కాచి తెచ్చాను. థర్మామీటరు పెడుతున్నాను, 66 డిగ్రీలు. ఇప్పుడు ఎడమవైపు దాంట్లో రెండు చెంచాల మామూలు రాగిపిండి వేసి కలుపుతున్నాను. కుడివైపు దాంట్లో రెండు చెంచాల మొలకరాగుల పిండి. ముందు వరసలో ఉన్నవాళ్లు లేచి వచ్చి చూడండి. కుడివైపు గరిటె అప్పుడే వదులైంది. చుక్క నీళ్లు పోయలేదు, అయినా జావ పలచబడుతోంది.

మూతలు పెట్టేస్తున్నాను. మాటలయ్యాక తెరుద్దాం.

మాది అనంతపురం వైపు. మా అవ్వ రాగులు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలు వచ్చాక నీడన ఆరబెట్టి, నూకలు లేకుండా విసిరేది. పసిపిల్లలకు ఆ పిండితోనే జావ. మామూలు పిండితో చేస్తే గట్టిపడుతుంది, బిడ్డ మింగలేదు. నీళ్లు ఎక్కువ పోస్తే బలం ఉండదు. మొలకపిండి వేస్తే పిండి తగ్గించకుండానే జావ పలచగా అవుతుంది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు పసిపిల్లల ఆహారం కోసం ఈ మొలకరాగుల మీద చాలా పరిశోధన చేశారు. అవ్వకు ఆ సంగతి తెలియదు, పని మాత్రం తెలుసు.

బీరు తయారీలో అసలు పని ఇదే. నేను ఈ రోజు చెప్పదలచుకున్నదీ ఇదే. బీరు అనగానే అందరూ పులియబెట్టడం గురించి అడుగుతారు. పులియబెట్టేది ఈస్టు. మన చేతిలో ఉన్న పని దానికంటే ముందుంది: గింజ, వేడి, సమయం. అది నేర్చుకోవడానికి ఒక గిన్నె చాలు, ఒక గ్యాస్ పొయ్యి చాలు.

గింజలో పిండి ఉంటుంది. మొలక పెరగడానికి కావలసింది చక్కెర. అందుకే గింజ తడవగానే లోపల ఎంజైములు తయారవుతాయి, అవి పిండిని చక్కెరగా విడగొడతాయి. సరిగ్గా ఆ దశలో మొలకను ఆరబెట్టి ఆపేస్తే అదే మాల్ట్. బార్లీతో చేస్తే బార్లీ మాల్ట్, రాగులతో చేస్తే రాగి మాల్ట్. ఆ మాల్ట్‌ను దంచి వేడినీళ్లలో నానబెడితే ఆగిపోయిన పని మళ్లీ మొదలవుతుంది. దాన్నే మాష్ అంటారు. వచ్చిన తీపి నీళ్లు వర్ట్. ఇలా గింజ నుంచి మొదలుపెట్టే పద్ధతినే ఆల్ గ్రెయిన్ అంటారు.

కొత్తవాళ్లు డబ్బాలో వచ్చే మాల్ట్ పాకంతో మొదలుపెట్టి, తర్వాత గింజకు రావాలని చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను. పాకంలో వంట వేరేవాళ్లు చేసేశారు, మనం నీళ్లు కలపడమే. సాంబారు పొడి కొనుక్కున్నవాడికి ధనియాలు ఎంత వేయించాలో ఎప్పటికి తెలుస్తుంది?

ఇక్కడ చట్టం సంగతి స్పష్టంగా చెప్పాలి. మన రాజ్యాంగంలో మద్యం రాష్ట్రాల విషయం. 1965 నాటి కర్ణాటక ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయకూడదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అంతే. ఇంటి కోసమే, స్నేహితుల కోసమే అన్నా మినహాయింపు లేదు. బ్రిటన్‌లో 1963లో ఇంటి బీరుకు లైసెన్సు అక్కర్లేకుండా చేశారు, అమ్మకూడదంతే. అమెరికాలో 1978లో కేంద్ర చట్టం మారింది. అయినా అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు ఒప్పుకోవడానికి 2013 దాకా పట్టింది. నేను నేర్చుకున్నది ఇంగ్లండులో, ఒక్క గది ఇంట్లో. ఇప్పుడు ఈ ఊళ్లోనే లైసెన్సు ఉన్న మైక్రోబ్రూవరీలో, అంటే చిన్న బీరు తయారీ కేంద్రంలో పనిచేస్తున్నాను. కాబట్టి నా మాటను రెండు భాగాలుగా వినండి. గింజ నుంచి వర్ట్ వరకు మీ వంటింట్లో చేసుకోవచ్చు, అందులో ఆల్కహాలు ఉండదు. ఈస్టు వేసే భాగం ఆ పని చట్టం ఒప్పుకునే చోట చేయండి. మీలో కొందరు వచ్చే నెలల్లో విదేశాలకు వెళ్తున్నారు, కొందరు బ్రూవరీల్లో ఉద్యోగం చూస్తున్నారు. ఇద్దరికీ పనికొస్తుంది.

సామాను గురించి ఎక్కువ చెప్పను. పన్నెండు లీటర్లు పట్టే స్టీలు గిన్నె, థర్మామీటరు, తూకం, గుడ్డ సంచి. గింజను సంచిలో వేసి నానబెట్టే ఈ పద్ధతిని ఆస్ట్రేలియాలో ఇళ్లలో బీరు చేసుకునేవాళ్లు ప్రచారంలోకి తెచ్చారు. అంతకు ముందు మూడు పెద్ద పాత్రలు, వాటికి కుళాయిలు, అడుగున జల్లెడలు కావాలనుకునేవారు. సంచి వచ్చాక ఒక్క గిన్నెలోనే పని అయిపోతోంది. ఆ సంచికి వాడేది వాయిల్ గుడ్డ. మన ఇళ్లలో వాయిల్ చీర లేని బీరువా ఉండదు కదా. పాలియెస్టర్ వాయిల్ అయితే ఇంకా మంచిది, వేడికి ఆగుతుంది, పిండినా చిరగదు. గిన్నె మూతికి మడిచి వేసుకునేంత పెద్దదిగా కుట్టించుకోండి.

లెక్క ఇది. ఐదు లీటర్ల బీరుకు కిలో నూరు గ్రాముల లేత రంగు బార్లీ మాల్ట్. నీళ్లు ఎనిమిది లీటర్లు. గింజ ఒక లీటరు దాకా పీల్చుకుంటుంది, గంట సేపు మరిగితే ఒకటిన్నర, రెండు లీటర్లు ఆవిరవుతాయి. మిగిలేది ఐదు. మీ పొయ్యిని బట్టి, గిన్నె వెడల్పును బట్టి కాస్త మారుతుంది. మొదటిసారి కొలిచి రాసిపెట్టుకుంటే రెండోసారి సరిగ్గా వస్తుంది.

గింజను మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. ఇడ్లీ రవ్వకు కొంచెం ముతకగా ఉండాలి. మెత్తటి పిండి అయితే సంచిలో ముద్దకట్టి నీళ్లు లోపలికి పోవు. గింజ గింజగా మిగిలితే తీపి రాదు. ఒక గుప్పెడు వేళ్ల మధ్య రాసి చూడండి, పొట్టు విడిగా, లోపలి పప్పు నాలుగైదు ముక్కలుగా ఉంటే సరిపోతుంది.

నీళ్ల దగ్గర కాసేపు ఆగాలి. ఈ ఊరికి కావేరి నీళ్లు నూరు కిలోమీటర్ల దూరం నుంచి ఎత్తిపోసి తెస్తారు, క్లోరిన్ కలుపుతారు. బీరులో ఆ క్లోరిన్ మాల్ట్‌లోని పదార్థాలతో కలిసి ఆసుపత్రి వాసన ఇస్తుంది. ఎంత కడిగినా, ఎంత బాగా చేసినా ఆ వాసన పోదు. ముందు రోజు నీళ్లు మరిగించి చల్లార్చుకోండి, లేదా కార్బన్ ఫిల్టరు నీళ్లు వాడండి. బోరు నీళ్లు ఎక్కువగా కఠినంగా ఉంటాయి, లేత రంగు బీరు వగరుగా వస్తుంది. అపార్టుమెంటులో ట్యాంకరు నీళ్లయితే నేను క్యాను నీళ్లే కొంటాను.

ఇప్పుడు వేడి. నేను ఇంతదూరం వచ్చింది దీని కోసమే. నీళ్లు 70 డిగ్రీలకు రాగానే పొయ్యి కట్టేసి, సంచి పరిచి, గింజను కొద్దికొద్దిగా పోస్తూ ఉండకట్టకుండా కలపాలి. గింజ చల్లగా ఉంటుంది కాబట్టి మొత్తం 67 దగ్గరికి దిగుతుంది. అక్కడ గంట సేపు నిలపాలి.

ఎందుకు 67? పిండిని విడగొట్టే ఎంజైములు ముఖ్యంగా రెండు. ఒకటి బీటా ఎమైలేజ్. పిండి అంటే చక్కెర కణాల పొడవాటి గొలుసు. దాని కొసల నుంచి ఈ ఎంజైము రెండేసి కణాలను తుంచుతుంది. ఈస్టు తినగలిగే చక్కెర ఎక్కువగా దాని వల్లే వస్తుంది. 60 నుంచి 65 డిగ్రీల మధ్య బాగా పనిచేస్తుంది, 70 దగ్గర త్వరగా చచ్చిపోతుంది. రెండోది ఆల్ఫా ఎమైలేజ్. గొలుసును ఎక్కడ పడితే అక్కడ నరుకుతుంది. ఇందాక మన జావను పలచన చేసింది ఇదే. 70 దాటినా కొంతసేపు తట్టుకుంటుంది. 64లో నిలిపితే చక్కెర ఎక్కువ, ఈస్టు అంతా తినేస్తుంది, బీరు పలచగా, తీపి లేకుండా ఉంటుంది. 69లో నిలిపితే ఈస్టు తినలేని పెద్ద ముక్కలు మిగులుతాయి, నోటికి నిండుగా ఉంటుంది. అదే మాల్ట్, అవే నీళ్లు. ఐదు డిగ్రీల తేడాలో రెండు వేరు వేరు బీర్లు. మొదటిసారి నా నాలుకతో నేను ఈ తేడా పట్టుకున్న రోజు ఇప్పటికీ గుర్తుంది. రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

వేడి నిలపడానికి యంత్రాలేమీ వద్దు. గిన్నెకు మూతపెట్టి బొంతలో చుట్టేయండి. గంటలో రెండు డిగ్రీలు దిగినా నష్టం లేదు. సంచి లోపల ఉండగా కింద మంట పెట్టకండి. అడుగున తగిలిన గుడ్డ మాడుతుంది, ఆ మాడువాసన చివరి దాకా వదలదు. తప్పనిసరైతే సంచిని పైకెత్తి పట్టుకుని వెలిగించండి.

గంటయ్యాక చెంచాడు వర్ట్ తెల్ల పళ్లెంలో పోసి, ఒక చుక్క టింక్చర్ అయోడిన్ వేయండి. నల్లటి నీలం వస్తే పిండి ఇంకా మిగిలి ఉంది, పావుగంట ఆగండి. అయోడిన్ రంగే ఉంటే పని అయింది. ఆ పళ్లెంలోది పారబోయండి, గిన్నెలో కలపకండి. తర్వాత సంచి ఎత్తి, జల్లెడ మీద పెట్టి బాగా పిండండి. పిప్పి మేడ మీద మొక్కలకు వేయవచ్చు, ఎండబెట్టి చపాతీ పిండిలో కొంచెం కలుపుకోవచ్చు కూడా.

ఈ ఊళ్లో ఇంట్లో సాధన చేసేవాళ్లు ఇక్కడ ఆపాలి. వర్ట్‌ను కాచి, చల్లార్చి, ఏలకులు వేసి ఫ్రిజ్‌లో పెట్టి ఆ రోజే తాగేయండి. బయట ఉంచితే గాలిలోని ఈస్టు దానంతట అదే పని మొదలుపెడుతుంది. సీసాలో బిగించి బయట నిల్వ చేయడం ఆరోగ్యానికి ప్రమాదం. ఒక ముఖ్యమైన మాట, కిరాణా కొట్టులో దొరికే తెల్లటి బార్లీ మొలకెత్తదు, పొట్టుతో పాటు మొలక భాగం కూడా అరగదీసి ఉంటారు. సొంతంగా మాల్ట్ చేయాలంటే పొట్టు ఉన్న బార్లీ, అంటే యవలు వెతకాలి. లేదంటే హాయిగా రాగులు. రాగి పిండి కరగడానికి బార్లీ కంటే ఎక్కువ వేడి కావాలి. అందుకే ముందు మామూలు పిండితో జావ కాచి, 65, 66కు చల్లార్చి, అప్పుడు మొలకపిండి కలపండి. మొలకపిండిని కమ్మగా వేయించేశారంటే ఎంజైములు చచ్చిపోతాయి. వాసన బాగుంటుంది, పని చేయదు.

ఇక చట్టం ఒప్పుకునే చోట మిగతా సగం. వర్ట్‌ను గంట మరిగించాలి. మొదటి పొంగు పాలపొంగు లాంటిదే, పక్కనే నిలబడండి. మరగడం మొదలవగానే హాప్స్ అనే చేదు పూలు పది గ్రాములు వేస్తే ఐదు లీటర్లకు సరిపడా చేదు వస్తుంది, చివరి ఐదు నిమిషాల్లో ఇంకో ఐదు గ్రాములు వాసన కోసం. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మా బ్రూవరీలో దీన్ని లెక్కలోకి తీసుకుంటాం, హాప్స్ చేదు కొంచెం తక్కువగా దిగుతుంది. మరిగాక గిన్నెను సింకులో ఐసు నీళ్ల మధ్య పెట్టి 20 డిగ్రీలకు దించాలి. ఇక్కడి నుంచి తగిలే ప్రతి వస్తువూ క్రిమిరహితంగా ఉండాలి.

అప్పుడు తోడు వేయడం. ఏల్ రకం బీరుకు వాడే పొడి ఈస్టు మూడు నాలుగు గ్రాములు. 18 నుంచి 20 డిగ్రీల మధ్య రెండు వారాలు వదిలేయాలి. చెన్నైలో ఉండే మిత్రులు ఈ మాట వినగానే నిట్టూరుస్తారు. వేడి ఎక్కువైతే ఈస్టు ఆత్రంగా పనిచేసి ఘాటు వాసనలు వదులుతుంది. నీళ్ల టబ్బులో పెట్టి తడి గుడ్డ చుడితే మూడు నాలుగు డిగ్రీలు తగ్గుతుంది.

సీసాల దగ్గర మాత్రం తొందర వద్దు. నీళ్లతో పోలిస్తే వర్ట్ ఎంత చిక్కగా ఉందో కొలిచేది హైడ్రోమీటర్. అది మొదట 1.046 చూపిస్తే చివరికి 1.010 దగ్గర ఆగుతుంది, అంటే నాలుగున్నర శాతానికి పైన ఆల్కహాలు. మూడు రోజులు వరసగా అదే అంకె చూపిస్తేనే సీసాల్లో నింపాలి. నేను ఒకసారి కొలవకుండా ఎనిమిదో రోజే నింపాను. అర్ధరాత్రి అలమరాలో ఒక సీసా పేలింది, గాజు ముక్కలు తలుపులో దిగాయి. తలుపు మూసి ఉంది కాబట్టి సరిపోయింది. గ్యాస్ తట్టుకునే బీరు సీసాలే వాడండి, గ్యాస్ పుట్టడానికి సీసాలో వేసే చక్కెర లీటరుకు ఆరు గ్రాములు మించకూడదు.

చాలామంది భయంతో అడిగే ప్రశ్నకు కూడా జవాబు చెప్పాలి. కల్తీ సారా తాగి జనం చనిపోయారని పేపర్లో చదువుతాం, ఇదీ అలాంటిదేనా అని. కాదు. ఆ మరణాలకు కారణం ఎక్కువగా పరిశ్రమల్లో వాడే మిథనాల్ కలపడం. గింజను పులియబెడితే అది హాని చేసేంత రాదు. అలాగని బీరును బట్టీ పెట్టే ఆలోచన ఎవరూ చేయకండి. అది చాలా దేశాల్లో చట్టాలు గట్టిగా పట్టుకునే పని, మంటలతో ప్రాణం మీదికి తెచ్చే పని.

సరే, ఫ్లాస్కులు తెరుద్దాం. థర్మామీటరు 62 చూపిస్తోంది. ఎడమవైపుది ఇంకా గట్టిగానే ఉంది. కుడివైపుది నీళ్లలా జారుతోంది. ఇందులో బెల్లం లేదు, చక్కెర లేదు, రాగులు తప్ప ఏమీ లేవు. చెంచాలు అక్కడున్నాయి, పిల్లలకు కూడా ఇవ్వండి. ముందు ఎడమవైపుది రుచి చూసి, తర్వాత కుడివైపుది తాగండి.