మూడో పిన్ను
(ఇంజనీర్స్ డే సందర్భంగా ఒక పాలిటెక్నిక్ కాలేజీలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దల్ని పేరుపేరునా తలుచుకోవాలి గానీ, భోజనాల టైమవుతోంది కాబట్టి అందరికీ కలిపి ఒకటే దండం. విశ్వేశ్వరయ్యగారి గురించి మీ ప్రిన్సిపాల్ గారు చక్కగా చెప్పారు. నాకిచ్చిన అంశం ఇంటి కరెంటు వైర్ల మీద నెట్‌వర్క్, దాని వేగం కొలవడం.

మా ఇంట్లో రౌటర్ కింద హాల్లో ఉంటుంది. మధ్యలో స్లాబు అడ్డం, అందుకని మేడ మీది గదికి వైఫై అందదు. గోడలు కొట్టి కేబుల్ లాగుతానంటే మా ఆవిడ ససేమిరా అంది. అందుకే పవర్‌లైన్ అడాప్టర్ల జత కొన్నాను. ఒకటి రౌటర్ పక్క సాకెట్లో, రెండోది పై గదిలో పెట్టాలి. 50 హెర్ట్జ్ కరెంటు నడిచే ఆ తీగ మీదే ఇవి మెగాహెర్ట్జ్‌లలో సిగ్నల్ పంపుతాయి. ఇలాంటి అడాప్టర్ల కోసం 2001లో వచ్చిన మొదటి హోమ్‌ప్లగ్ ప్రమాణానిది సెకనుకు 14 మెగాబిట్ల వేగం. 2005లో దాని తర్వాతి ప్రమాణం హోమ్‌ప్లగ్ ఏవీ వచ్చి దాన్ని 200 చేసింది. నేను కొన్న పెట్టె మీద 1200 అని ఉంది.

ఆ అంకెను నమ్మకండి. అది తీగ మీది ముడి వేగం. తప్పులు దిద్దుకోవడానికీ, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడటానికీ పోగా మన ఫైలుకు దక్కేది చాలా తక్కువ. కొన్నిటికి పెట్టె మీద 600 అని ఉంటుంది, వెనక ఈథర్నెట్ పోర్టు చూస్తే 100దే! ఇంకేం వస్తుంది చెప్పండి?

ఫోన్లో స్పీడ్ టెస్ట్ కొట్టి "వేగం ఇంతే" అనకండి. అది మీ ఇంటర్నెట్ ప్లాను పరీక్ష, తీగ పరీక్ష కాదు. రెండు ల్యాప్‌టాప్‌లు తీసుకుని రెండింట్లో ఐపెర్ఫ్3 వేయండి, రెండు కంప్యూటర్ల మధ్య వేగం కొలిచే ప్రోగ్రాం అది. ముందు ఒక కేబుల్‌తో వాటిని నేరుగా కలిపి కొలిచి, ఆ అంకె రాసుకోండి. తర్వాత అడాప్టర్లు పెట్టండి. వైఫై ఆపడం మరిచిపోవద్దు, లేకపోతే డేటా గాల్లోంచి వెళ్తుంటే తీగను మెచ్చుకుంటూ కూర్చుంటారు. పైనుంచి కిందికి, కిందనుంచి పైకి విడివిడిగా కొలవాలి, ఎందుకంటే రొద ఏ చివర ఉంటే ఆ చివర వినికిడి తగ్గుతుంది. కింద మిక్సీలో చట్నీ తిరుగుతుంటే మా అంకె మూడంకెల్లోంచి రెండంకెల్లోకి దిగేది. మోటారులో కార్బన్ బ్రష్షుల మెరుపులు అవి. చవక రకం ఛార్జర్లూ అంతే. స్పైక్ గార్డు బాక్సులో అడాప్టరు పెడితే అందులోని ఫిల్టరే సిగ్నల్‌ని మింగేస్తుంది, గోడ సాకెట్లోనే పెట్టండి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా పై గదిలో వేగం నాకు నచ్చలేదు. నా అడాప్టర్లు వాడే 2012 నాటి హోమ్‌ప్లగ్ ఏవీ2 ప్రమాణంలో ఒక సదుపాయం ఉంది. ఫేజు, న్యూట్రల్ జతతోపాటు ఎర్త్ వైరును కూడా వాడుకుని రెండు దారుల్లో పంపుతుంది. మరి మా ఇంట్లో రెండో దారి ఏమైంది? మెయిన్ ఆపి స్విచ్‌బోర్డు విప్పించాను. పచ్చ వైరు, అంటే ఎర్త్, ఉంది. కత్తిరించి, మడిచి, టేపు చుట్టి బోర్డు వెనక్కి తోసేశారు! సాకెట్‌కి మూడు రంధ్రాలు, డబ్బులు మూడు వైర్లకీ తీసుకున్నారు, కనెక్షన్ రెండింటికే. బిల్డరుని అడిగితే "ఇన్నాళ్లూ ఏమైనా అయిందా సార్?" అన్నాడు.

వెనక వరసలో బాబూ, ఫోన్ పక్కన పెట్టి ఇది విను. ఏమైనా అయ్యాక చెప్పడానికి మనిషి ఉండాలి కదా! ఎర్త్ సరిగా లేక, వాషింగ్ మెషీన్ ముట్టుకుంటే చేతికి జివ్వుమనే ఇళ్లు మీవి ఎన్ని? చేతులెత్తండి. చూశారా... ఇంతమందా! చెప్పులేసుకుని ముట్టుకోమంటారు ఇంట్లో, అవునా?

నెట్‌వర్క్ సంగతికి మళ్లీ వస్తాను, ఇది మాత్రం చెప్పనివ్వండి. డిజిటల్ మీటరు పెట్టి ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య వోల్టులు కనిపించాయని సంబరపడకండి. ఎక్కడా కలవని వైరు కూడా పక్క తీగల ప్రభావంతో దొంగ రీడింగు చూపిస్తుంది. తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత ఆ రెండింటి మధ్య 40 వాట్ల బల్బు టెస్ట్ లాంపు పెట్టించండి. నిండుగా వెలగాలి, లేదా కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సప్లై ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ స్విచ్ ఉంటే టక్కున పడిపోవాలి. కొందరు సాకెట్లోనే న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలిపేసి బల్బు వెలిగించి చూపిస్తారు. ఎక్కడో న్యూట్రల్ తెగిందంటే ఫ్రిజ్ తలుపుకే 230 వోల్టులు వస్తాయి. కాబట్టి బోర్డు విప్పి చూపించమనండి.

మా పచ్చ వైరు కలిపించాక పై గదిలో అంకె పెరిగింది. ఎంత పెరిగిందో చెప్పను, మీ ఇంట్లో అంత రాలేదని రేపు నన్నడుగుతారు.

చీటీ వచ్చింది, ముగిస్తాను. ఒక్క మాట. ఇందాకటి నుంచి ఈ ఆంప్లిఫయరు వైరు చూస్తున్నాను. ప్లగ్గే లేదు, రెండు తీగలు సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చారు. ప్రిన్సిపాల్ గారూ, భోజనాలకి లేచేముందు మీ ఎలక్ట్రీషియన్ని ఒకసారి ఇటు పిలిపిస్తారా? స్విచ్ ఆపాకే ముట్టుకోమనండి.