ముహూర్తాలు లేని నెలలు

శ్రోతలకు నమస్కారం.

సంగీతమే జీవనాధారమైన ఇంట్లో పంచాంగం చూసే తీరు వేరుగా ఉంటుంది. ఉగాదినాడు కొత్త పంచాంగం చేతికి రాగానే మనం రాశిఫలాలు, రాజపూజ్య అవమానాలు చూసుకుంటాము. సన్నాయి మేళం వారు, బ్యాండు వారు, పెళ్లి విందుల్లో పాడే ఆర్కెస్ట్రా వారు మాత్రం ముందుగా వివాహ ముహూర్తాల పుట తిప్పుతారు. ఆ ఏడాది గురుమూఢం ఎప్పుడు పడింది, శుక్రమూఢం ఎన్నాళ్లుంది, అధికమాసం వచ్చిందా, వస్తే ఏ మాసానికి వచ్చింది అన్నవే వారికి అసలైన ఆదాయవ్యయాలు. ఆషాఢంలోనూ భాద్రపదంలోనూ పుష్యంలోనూ మన ప్రాంతంలో పెళ్లిళ్లు చేయరు. మూఢం వచ్చిందంటే మంచి మాసం కూడా చేజారుతుంది. 2023లో శ్రావణం అధికమాసంగా రావడంతో, ఆషాఢం ముగియగానే మొదలు కావలసిన పెళ్లిళ్లు ఇంకొక నెల వెనక్కి జరిగాయి. ఆ నెల ఇంటద్దె మాత్రం వెనక్కి జరగలేదు.

కష్టకాలంలో కళాకారులు ఎలా నిలదొక్కుకుంటారు అని ఎవరైనా అడిగితే మనకు వెంటనే తుపానులు, మహమ్మారులు గుర్తుకు వస్తాయి. విశాఖవాసులకైతే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చేసిన విధ్వంసం కళ్ల ముందు కదులుతుంది. కానీ ఈ వృత్తిలో కష్టకాలం ఏటా వస్తుంది, అది కూడా తేదీలతో సహా ముందే అచ్చయి వస్తుంది. నేను గమనించినంతలో, ఏటా వచ్చే ఈ ఖాళీ నెలలను ఎలా గడపాలో నేర్చుకున్నవారే పెద్ద విపత్తులను కూడా దాటగలిగారు. ప్రతిభలో వారికి తీసిపోనివారు కొందరు, ఒకే రకం పిలుపు మీద ఆధారపడి, ఆ పిలుపు ఆగిన రోజున వాద్యాన్ని అటక మీద పెట్టేశారు.

ఖాళీ నెలలు పూర్తిగా ఖాళీవి కావన్నది మొదట గ్రహించవలసిన విషయం. భాద్రపదంలో పెళ్లి లేకపోయినా వీధివీధినా వినాయక మండపం ఉంటుంది, నిమజ్జనానికి డోలు కావాలి. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ దాదాపు 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ సాగుతుంది, ఆ దారి పొడవునా భజన బృందాలకు పని ఉంటుంది. మార్గశిర మాసమంతా బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి ఉత్సవాలు జరుగుతాయి. కార్తికం నుంచి మకర సంక్రాంతి దాకా అయ్యప్ప దీక్షల పడిపూజల్లో హార్మోనియం, తబలా, డోలక్ వాయించేవారికి రాత్రులు తీరిక ఉండదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున ఆలయాలలో తిరుప్పావై సేవలు ఉంటాయి. శాస్త్రీయ సంగీతం మాత్రమే వాయిస్తాను, భజనకు రాను అనే విద్వాంసుని పట్టుదలను నేను తప్పు పట్టను. అయితే అటువంటి పట్టుదలకు వెనుక జీతమో పొలమో ఉండి తీరుతుంది. అవి లేని విద్వాంసుడు సాయంత్రం పడిపూజలో తబలా వాయించి, మర్నాడు పొద్దున్న ఇంట్లో కూర్చుని తన సాధన తాను చేసుకుంటే, ఆ సాధనకు వచ్చిన లోటేమిటో నాకు ఎంత ఆలోచించినా కనిపించదు.

ఇక్కడ రెండవ వృత్తి గురించి కొంచెం వివరంగా మాట్లాడాలి, ఎందుకంటే ఈ విషయంలో మన సమాజం అందరినీ ఒకే కొలమానంతో చూడలేదు. డాక్టర్ శ్రీపాద పినాకపాణి గారు విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదువుకున్న వైద్యులు. ఉద్యోగ విరమణ వరకు రోగులను చూస్తూ, వైద్య విద్యార్థులకు పాఠాలు చెబుతూ, ఆ తీరిక సమయాలలోనే నేదునూరి కృష్ణమూర్తి గారి వంటి శిష్యులను తీర్చిదిద్దారు. మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు 1983లో సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. పాటను అమ్ముకోవలసిన అవసరం లేకపోవడం వల్ల ఆయన తనకు నచ్చిన బాణీకి కడదాకా కట్టుబడి ఉండగలిగారని అందరూ మెచ్చుకుంటారు, అది నిజం కూడా. వంగపండు ప్రసాదరావు గారు ఇదే నగరంలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో ఉద్యోగం చేస్తూనే ఉత్తరాంధ్ర యాసలో వందల పాటలు కట్టి, గజ్జె కట్టి ఊరూరా ఆడి పాడారు. ఆయనను కూడా కార్మిక కళాకారుడని గౌరవంగానే తలచుకుంటాము.

ఆంధ్రదేశంలో మంగళవాద్యాన్ని తరతరాలుగా ఎక్కువగా నిలబెట్టినవి నాయీబ్రాహ్మణ కుటుంబాలు. ముహూర్తం ఉన్న రోజున సన్నాయి, డోలు, ముహూర్తం లేని రోజున క్షౌరశాల, ఈ రెండింటి మధ్యనే ఆ కుటుంబాల జీవనం సాగింది. ఆలోచించి చూస్తే పినాకపాణి గారి జీవితంలో వైద్యం చేసిన పనినే ఈ ఇళ్లలో క్షౌరవృత్తి చేసింది. పెళ్లి లేని నెలలో పొయ్యి ఆరిపోకుండా కాపాడింది, దానివల్ల తెల్లవారుజామున నాయకి, భైరవి రాగాలను సాధన చేసే ఓపిక మిగిలింది. అయినప్పటికీ వైద్యుడైన విద్వాంసుని రెండవ వృత్తిని ఆయన నిబద్ధతకు నిదర్శనంగా చెప్పుకున్న మనం, సన్నాయి విద్వాంసుని రెండవ వృత్తిని ఆయన విద్వత్తుకు మచ్చగా చూశాము. పెళ్లి పందిట్లో వారిని కూర్చోబెట్టే చోటు చూస్తే ఈ సంగతి ఇప్పటికీ తెలిసిపోతుంది. సన్నాయి నేర్చుకునే పిల్లల సంఖ్య తగ్గడానికి ఆదాయం ఒక్కటే కారణం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఉద్యోగమే సంగీతమైనవారి దారి ఇంకొకటి. విజయనగరం గజపతుల చలవతో 1919లో మహారాజా సంగీత కళాశాల ఏర్పడి, హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి అధ్యక్షులైనారు. విశాఖలో పెరిగిన ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడ విద్యార్థిగా చేరడానికి వెళితే, ఆయన వాయిద్యం విని అధ్యాపకునిగా నియమించారని చెప్పుకుంటారు. అప్పటికి ఆయన వయస్సు 26 ఏళ్లు, చూపు చిన్ననాటినుంచే మందం. నెల జీతం చేతికి రావడం ఒక అదృష్టమైతే, ఆ అదృష్టంతో ఆయన ఏమి చేశారన్నది అంతకన్నా ముఖ్యం. గాయకుని పక్కన కూర్చోవడమే పనిగా ఉన్న ఫిడేలును సభామధ్యంలోకి తెచ్చి, ఏక వాద్య కచేరీలు చేసి, ఫిడేలు విద్వాంసులకు అంతవరకు లేని ఒక కొత్త ఉపాధిని కల్పించారు. 1941లో సంగీత కళానిధి అయ్యారు. అదే కళాశాలకు చదువుకోవడానికి వచ్చిన ఘంటసాల గారు భుజాన జోలె వేసుకుని మధుకరం ఎత్తుకుని పొట్ట నింపుకున్నారు. ఆ రోజుల్లో పేద విద్యార్థికి వారాలిచ్చిన, జోలెలో అన్నం వేసిన విజయనగరం గృహిణులు ఏ సంగీత చరిత్రలోనూ పోషకులుగా నమోదు కాలేదు.

ఇప్పుడు నేను మాట్లాడుతున్న మాధ్యమం గురించి కూడా ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆకాశవాణి ఎందరో విద్వాంసులకు అన్నం పెట్టింది. విశాఖపట్నం కేంద్రం 1963లో మొదలైన తరువాత ఈ ప్రాంతపు కళాకారులకు ఆడిషన్, గ్రేడు, కార్యక్రమానికి పారితోషికం అనే ఒక క్రమం ఊళ్లోనే అందుబాటులోకి వచ్చింది. అయితే ఇదే ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. దాని స్వరస్థానాలు కదలవు, మన సంగీతంలో స్వరాన్ని ఊపుతూ పలికించే గమకాలు అందులో పలకవు అన్నది అప్పటి వాదన. సుమారు 30 ఏళ్లపాటు, 1970వ దశకం ఆరంభంలో సడలింపు వచ్చేవరకు, ఆ వాద్యం మీద జీవించేవారికి రేడియో తలుపు మూసుకునే ఉంది. వారంతా ఏమైపోయారంటే, పద్యనాటకాల రంగస్థలం వారిని ఆదుకున్నది. నటునికి శ్రుతి అందించడం, పద్యం రాగాన్ని ముందుగా సూచించడం, వన్స్‌మోర్ కేకలు మొదలైతే అదే పద్యాన్ని రెండవసారి కొత్త సంగతులతో, అంటే రాగంలో కొత్త మలుపులతో, నడిపించడం హార్మోనిస్టు చేతుల్లోనే ఉండేది. నాటక కాంట్రాక్టర్లు ముందుగా హార్మోనిస్టు ఎవరని అడిగిన ఊళ్లు ఉత్తరాంధ్రలో చాలా ఉన్నాయి. సంగీత శాస్త్రజ్ఞుల తీర్పు వారి జీవనోపాధిని దెబ్బతీయలేకపోయింది, ఎందుకంటే వారి శ్రోతలు వేరే చోట ఉన్నారు.

అసలైన గట్టి దెబ్బ వారి వారసులకు తరువాతి యంత్రాలనుంచి తగిలింది. ఒకప్పుడు పదిమంది వాయించే ఆర్కెస్ట్రాలో ఇప్పుడు ఒక కీబోర్డు, ఒక రిథమ్ ప్యాడ్ ఉంటే చాలుననుకుంటున్నారు. అంతకన్నా చవకగా కావాలంటే ల్యాప్‌టాప్‌లో ట్రాకులు పెట్టుకుని ఒక్క గాయకుడే వచ్చి పాడిపోతాడు. ఫిడేలు, క్లారినెట్, తబలా వాయించిన వారిలో కొందరు సౌండు పని నేర్చుకున్నారు, కొందరు ఇంట్లోనే చిన్న రికార్డింగు గది ఏర్పాటు చేసుకుని భక్తిగీతాలకు ట్రాకులు కట్టి ఇస్తున్నారు, కొందరు ఆటో నడుపుతున్నారు. ఆటో నడిపేవారిని చూపించి సంగీతం అన్నం పెట్టదనడం తేలిక. కానీ వాద్యం మీద స్వరజ్ఞానం ఉన్నవారే ట్రాకులు బాగా కట్టగలిగారన్న సంగతిని కూడా పక్కనే చెప్పుకోవాలి.

ఇక 2020 సంగతి. ఆ ఏడాది శార్వరి నామ సంవత్సర ఉగాది మార్చి 25న వచ్చింది, దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనది కూడా ఆ రోజే. శ్రీరామనవమి పందిళ్లు లేవు. చైత్ర, వైశాఖ మాసాల ముహూర్తాలు పోయాయి. తరువాత పెళ్లికి 50 మందిని మించకూడదన్న నిబంధన వచ్చినప్పుడు, బంధువులనే తగ్గించుకుంటున్న ఇంటివారు మొదట తీసేసిన పేర్లు మేళం వారివి, పాట వారివి. ఆశ్వయుజం అధికమాసం కావడం దానికి తోడైంది. అప్పుడు చాలామందిని నిలబెట్టినది పాఠం చెప్పడం. మన ఉదయం ఆరు గంటలకు అమెరికా తూర్పు తీరంలో వేసవికాలంలో ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది. బడి, భోజనం ముగించుకున్న తెలుగు పిల్లలకు విశాఖలో ఎం.వీ.పీ. కాలనీలోనో సీతమ్మధారలోనో ఉన్న గురువు సరళీ స్వరాలు చెప్పడం అప్పుడు విస్తరించింది. ఈ పాఠంలో ఒక చిక్కు ఉంది. మాట అటు చేరి ఇటు తిరిగి రావడానికి పట్టే క్షణమాత్రపు ఆలస్యం వల్ల గురుశిష్యులు కలిసి తాళం వేయలేరు, కలిసి పాడలేరు. గురువు ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, పాడి ఆగాలి, శిష్యుడు ఒంటరిగా పాడి వినిపించాలి. మొదట విసుగు పుట్టించిన ఈ పద్ధతిలో, గురువు గొంతు చాటున దాక్కునే అవకాశం లేక శిష్యుని శ్రుతి దోషం వెంటనే బయటపడుతుందని కొందరు ఉపాధ్యాయులు గుర్తించారు. లాక్‌డౌన్ పోయినా ఈ పాఠాలు ఆగలేదు. మూఢం, అధికమాసం వీటిని తాకవు కనుక, నా దృష్టిలో ఈ తరం సంగీతజ్ఞులకు దొరికిన నమ్మకమైన నెల ఆదాయం ఇదే.

సొంతంగా పాటలు కట్టేవారికి చట్టం కూడా కొంత తోడుగా ఉంది. 2012లో కాపీరైటు చట్టానికి చేసిన సవరణ ప్రకారం, సినిమాలో లేదా రికార్డులో చేరిన పాటను ఇతర విధాలుగా వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో గీత రచయితకు, సంగీతకర్తకు వాటా ఉంటుంది, దానిని వారు ముందుగా రాసిచ్చేసినా ఆ రాత చెల్లదు. ఆ వాటా అందుకోవాలంటే రాయల్టీలు వసూలు చేసే కాపీరైటు సంఘంలో పాటను తమ పేరున నమోదు చేయించుకోవాలి. మనవారిలో చాలామంది అది చేయరు. డప్పు కళాకారులకు రాష్ట్ర ప్రభుత్వం 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తోంది. తప్పెటగుళ్లు ఆడేవారు, జముకుల కథ చెప్పేవారు ఇదే ఉత్తరాంధ్రలో ఇంతే శ్రమతో ఇంతే పేదరికంలో ఉన్నారు గనుక, వారి పేర్లు కూడా ఆ వరుసలో చేర్చడం న్యాయం.

పని లేని నెలల్లో సాధన ఎందుకని కుర్రవాళ్లు అడుగుతూ ఉంటారు. సన్నాయి వాయించేవారికి ఈ సందేహం రాదు. కొద్ది వారాలు పీక నోట పెట్టకపోతే పెదవి పట్టు జారుతుంది, ఊపిరి నిలవదు, మళ్లీ పిలుపు వచ్చిన రోజున మాంగల్యధారణ వేళ గట్టిమేళానికి బిగి ఉండదు. దానికి తోడు మన సముద్రపు గాలికి మృదంగం మూతలు మెత్తబడతాయి, ఫిడేలు జిగురు వీడుతుంది. వాద్యాన్ని బాగు చేయించుకునే ఖర్చును సీజనులోనే పక్కన పెట్టుకున్నవారు ఆషాఢంలో ఆ పని పూర్తి చేసుకుంటారు. పక్కన పెట్టుకోనివారు శ్రావణంలో అప్పు చేస్తారు.

చివరిగా, పెళ్లిళ్లు చేసే శ్రోతలకు సంబంధించిన ఒక విషయం. మేళానికి గానీ పాటకు గానీ బయానా ఇచ్చేటప్పుడు మనం సాధారణంగా ఏమీ రాసుకోము, నోటిమాటే. 2020లో పెళ్లిళ్లు వాయిదా పడినప్పుడు ఆ నోటిమాటే గొడవలకు దారి తీసింది. ఇంటివారు బయానా తిరిగి ఇమ్మన్నారు, కళాకారులు అప్పటికే దానిని ఇంటి ఖర్చులకు వాడేసుకున్నారు, ఇద్దరిలో ఎవరినీ తప్పు పట్టలేని పరిస్థితి. ఒక చిన్న కాగితం మీద తేదీ, ముహూర్తం, ఎన్ని గంటలు వాయించాలి, ఎంతమంది వస్తారు, రాకపోకల ఖర్చు ఎవరిది, భోజనం ఏ వేళకు, కార్యక్రమం వాయిదా పడితే బయానా కొత్త తేదీకి చెల్లుతుందా, పూర్తిగా రద్దయితే అందులో ఎంత కళాకారునికి ఉంటుంది, మిగిలిన సొమ్ము ఎప్పుడు ఇస్తారు అన్నవి రాసుకుని ఇద్దరూ సంతకాలు చేస్తే సరిపోతుంది. మిగిలిన సొమ్ము అప్పగింతలు కాకముందే, పెళ్లివారి తరఫున ఎవరో ఒకరి పేరు చెప్పి వారి చేతిమీదుగా ఇప్పించే ఏర్పాటు కూడా అందులోనే రాయండి. అప్పగింతల తరువాత ఎవరిని అడగాలో తెలియక, తెల్లవార్లూ వాయించినవారు ఖాళీ కల్యాణమండపంలో కూర్చోవలసి వస్తున్నది.

నమస్కారం.