ఏలుబడి మారితే మాట మారుతుందా?

శ్రోతలందరికీ నమస్కారం. ఇవాళ నా మాట వాక్‌స్వాతంత్ర్యం గురించి, దానికి అడ్డుపడే ప్రభుత్వాల గురించి.

సంక్రాంతి మూడు రోజులూ మన గోదావరి జిల్లాల్లో ఏం జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కొబ్బరితోటల పక్కన బరులు వెలుస్తాయి. కోడిపందేలు కూడదని హైకోర్టు చెప్పినా ఆగవు. కొన్నిచోట్ల పక్కనే రికార్డింగ్ డాన్సులు కూడా. నాయకులే వచ్చి బరి ప్రారంభించి వెళ్తారు. 2022లో ఆ పండగ వెళ్లీ వెళ్లగానే, అదే జనవరిలో, రాష్ట్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. ‘చింతామణి’ నాటకం ఇక రాష్ట్రంలో ఎక్కడా ఆడకూడదని.

ఆ నాటకం రాసిన కాళ్లకూరి నారాయణరావు గారు మన గోదావరి జిల్లాల మనిషి. వేశ్యావ్యామోహంలో పడి కొంపలు గుల్ల చేసుకున్నవాళ్ల కథ అది. ఇంచుమించు వందేళ్లుగా తిరునాళ్లలో, నాటక పరిషత్తుల్లో జనం చూస్తున్న కథ. అందులోని సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్య సంఘాలు ఫిర్యాదు చేశాయి. వాళ్ల బాధ నిజమైనదే. రచయిత రాయని బూతులూ వెకిలి చేష్టలూ తగిలించి నవ్వించినవాళ్లు చాలామంది ఉన్నారు. అలా ఆడినవాళ్ల మీద చర్య తీసుకోవచ్చు, ఆ కల్పింపులు లేకుండా ఆడమని షరతు పెట్టొచ్చు. ఒక్క కాగితంతో మొత్తం నాటకాన్నే ఆపేస్తే హార్మోనియం వాయించే ఆయనకీ, గొంతు చించుకుని పద్యం పాడే నటుడికీ, తెరలు కట్టే కుర్రాడికీ కూడా పని పోతుంది. రికార్డింగ్ డాన్సుకి రాని అభ్యంతరం పద్యనాటకానికి రావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అదే ఏడాది మే 24న అమలాపురంలో ఏం జరిగిందో కోనసీమ వాళ్లు మరిచిపోలేరు. జిల్లాకు అంబేద్కర్ గారి పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ వచ్చిన గుంపు మంత్రి ఇంటికీ, ఎమ్మెల్యే ఇంటికీ నిప్పు పెట్టింది. దాన్ని భావప్రకటన అనడానికి ఎవరికీ నోరు రాకూడదు. పుకార్లు పాకకుండా ఆ రాత్రి ఇంటర్నెట్ ఆపేశారంటే నేను తప్పుపట్టను. కానీ ఆ కోత రోజుల తరబడి సాగింది. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు లాప్‌టాప్ చంకన పెట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్లెంబడి తిరిగారు. వంద కౌంటు రొయ్య, అంటే కిలోకి వంద తూగేది, ఇవాళ ఎంత పలుకుతోందో వాట్సాప్‌లో చూసుకునే రైతుకి రేటు తెలియదు. కిరాణా కొట్లో ఫోన్‌పే పలకదు. నిప్పు పెట్టినవాడికీ, పెట్టనివాడికీ ఒకటే శిక్ష అన్నమాట. ఇంటర్నెట్ ఆపే ఉత్తర్వులను ప్రచురించాలనీ, నిరవధికంగా ఆపడం కుదరదనీ సుప్రీంకోర్టు కశ్మీర్ కేసులో 2020 జనవరి 10నే చెప్పింది.

గద్దె మీదున్నవాళ్లు ఒకదానికి కళ్లు మూసుకుని ఇంకోదాన్ని ఆపేసే ఈ రెండు నాల్కల ధోరణి ఈనాటిది కాదు. 1907లో రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీలో వందేమాతరం బ్యాడ్జీ పెట్టుకున్నందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని బయటికి పంపేశారు. మరుసటి ఏడు ‘స్వరాజ్య’ పత్రికలో వచ్చిన వ్యాసానికి రాజద్రోహం కింద జైల్లో వేశారు. తెల్లదొరలు కదా, అనుకోవచ్చు. మరి స్వతంత్రం వచ్చాక? మన జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు ఆ ప్రభుత్వం ‘క్రాస్ రోడ్స్’ పత్రికను రానివ్వకుండా నిషేధించింది. 1950 మేలో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. 1951 జూన్‌కల్లా రాజ్యాంగాన్నే సవరించి వాక్‌స్వాతంత్ర్యానికి కొత్త పరిమితులు చేర్చారు. చేర్చినవాళ్లలో తెల్లవాళ్ల జైళ్లలో మగ్గినవాళ్లున్నారు. నా మనసుకి ఎక్కువ కష్టం కలిగించేది అదే.

మన రాష్ట్రం సంగతికి వద్దాం. 2019 అక్టోబరులో వచ్చిన 2430 జీవో, తప్పుడు వార్తలని తోస్తే మీడియా మీద కేసులకు వెళ్లే అధికారం శాఖల కార్యదర్శులకు ఇచ్చింది. 2023 జనవరిలో జీవో నంబర్ 1 రోడ్ల మీద సభలకు అడ్డుకట్ట వేసింది, మేలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పటి ప్రతిపక్షం గొంతు నొక్కేస్తున్నారంటూ రోడ్డెక్కింది. వాళ్లన్నది న్యాయమే. 2024లో వాళ్లే గద్దెనెక్కారు. ఆ నవంబరుకల్లా సోషల్ మీడియా పోస్టుల మీద కేసులు, అరెస్టులు. ఇప్పుడు స్వేచ్ఛ అని అరిచే వంతు మొన్నటి పాలకులది. ఆ పోస్టుల్లో ఆడవాళ్లను ఏవగింపు కలిగేలా తిట్టినవి ఉన్నాయి, వాటిని శిక్షించాల్సిందే. కానీ ఒకే మనిషి మీద నాలుగు జిల్లాల్లో కేసులు పెట్టి స్టేషన్ల చుట్టూ తిప్పితే, తీర్పు రాకముందే శిక్ష పడిపోయినట్టే. పైగా తమ పార్టీ వాళ్లు అవే తిట్లు తిడితే ఎవరికీ వినపడదు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

మనం చేయగలిగింది ఒకటుంది. నాటకం ఆపినా, నెట్ ఆపినా, సభ ఆపినా దాని వెనక ఒక సంతకం ఉంటుంది. ఎందుకు ఆపారు, ఎన్నాళ్లు ఆపారు, ఏ చట్టం కింద ఆపారు అన్నది ఆ కాగితంలో ఉండాలి. సమాచార హక్కు కింద ఆ కాపీ అడగండి. మన రాష్ట్రంలో పంచాయతీ స్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, కలెక్టరేట్‌లో 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మీరు ఓటేసిన పార్టీ అధికారంలో ఉన్నప్పుడు కూడా అడగండి, ముఖ్యంగా అప్పుడే అడగండి.

నమస్కారం.